కాంక్రీటు పదును

బెల్లం పాకం పట్టే ఇల్లాలు చేతిలో ఉష్ణమాపకం పట్టుకొని నిలబడదు. పళ్ళెంలోని నీటిలో ఒక చుక్క వేసి, వేలితో కదిపి చూసి, అది తీగపాకమో ముదురుపాకమో చెబుతుంది. వాన కురిసిన మరునాడు రైతు చేలోని మట్టిని పిడికిట నొక్కి చూసి, దుక్కికి పదును వచ్చినదో లేదో తేలుస్తాడు. మన ఆలంకారికులు సైతం కవిత్వాన్ని ద్రాక్షాపాకమని, కదళీపాకమని, నారికేళపాకమని విభజించి చెప్పారు. ఏ పదార్థానికైనా తగిన పాకం ఒకటి ఉంటుందని, దానిని గుర్తెరిగి ఆ క్షణాన పని జరిపించడమే నేర్పరితనమని ఈ వాడుకలన్నీ తెలియజేస్తున్నాయి.

కట్టడపు పనిలోనూ ఇట్టి పదునే ఉన్నది. ఎద్దులు తిప్పే గానుగలో సున్నం నూరిన రోజుల్లో తాపీమేస్త్రీ మాలును తాపీతో ఎత్తి, జారవిడిచి చూసి, ఇంకా నీరు కావాలో చాలునో నిర్ణయించేవాడు. నేడు పెద్ద భవనాలకు, వంతెనలకు, ఆనకట్టలకు కావలసిన కాంక్రీటు ఎక్కడో ఒక కర్మాగారంలో తయారై, తిరుగుతూ ఉండే డ్రమ్ము గల లారీలో మైళ్ళ దూరం ప్రయాణించి వస్తున్నది. దారిలో దాని పదునును చూడడానికి మేస్త్రీ చేయి అందదు. ఆ పనిని ఒక చిన్న సెన్సారుకు అప్పగించారు. అయితే సెన్సారు పుట్టుకతో ఏదీ ఎరుగదు. దానికి పదును అంటే ఏమిటో నేర్పవలసి ఉంటుంది. ఈ నేర్పడాన్నే శాస్త్రజ్ఞులు క్రమాంకనం అంటారు. లారీలోని తడి కాంక్రీటును కొలిచే సెన్సారును ఎట్లా క్రమాంకనం చేస్తారు, అది తప్పితే కలిగే నష్టం ఏమిటి అన్నవి ఈ పాఠంలోని ముఖ్యాంశాలు.

కాంక్రీటు నాలుగు ముఖ్య పదార్థాల మిశ్రమం. అవి సిమెంటు, ఇసుక, కంకర, నీరు. వీటికి తోడుగా గుణాలను మార్చే రసాయనాలను కొద్దిపాటి మోతాదులో కలుపుతారు. ఈ మిశ్రమంలో నీరు రెండు పనులు చేస్తుంది. మొదటిది, సిమెంటుతో రసాయన చర్య జరిపి దానిని రాయిగా మార్చడం. రెండవది, గట్టిపడేలోగా మిశ్రమం సులువుగా పారి, ఇనుప కడ్డీల నడుమ సందులన్నీ నిండేట్లు చేయడం. మొదటి పనికి కొద్ది నీరు చాలు. సిమెంటు బరువులో సుమారు నాలుగోవంతు నీరు మాత్రమే రసాయనికంగా బంధింపబడుతుంది. రెండవ పనికి అంతకంటే ఎక్కువ నీరు కావాలి. అట్లా అదనంగా పోసిన నీరు కాలక్రమంలో ఆవిరైపోగా, అది ఉన్న చోట సూక్ష్మమైన రంధ్రాలు మిగులుతాయి. రంధ్రాలు పెరిగినకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. వాటిగుండా తేమ, గాలి లోనికి చొరబడి, కాలక్రమంలో ఇనుప కడ్డీలకు తుప్పు పట్టిస్తాయి.

ఈ సంబంధాన్ని శాస్త్రీయంగా నిరూపించినవాడు అమెరికా దేశస్థుడైన డఫ్ ఆబ్రమ్స్. చికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో అసంఖ్యాకమైన ప్రయోగాలు జరిపి, 1918లో ఆయన తన ఫలితాలను ప్రకటించాడు. నీటి బరువును సిమెంటు బరువుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పెరిగినకొద్దీ కాంక్రీటు బలం క్షీణిస్తుందన్నది ఆయన చెప్పిన సూత్రం. ఒక ఘనపు మీటరు కాంక్రీటులో 360 కిలోల సిమెంటు, 180 కిలోల నీరు ఉన్నాయనుకొందాం. అప్పుడు నిష్పత్తి 0.50. దానికి ఇంకొక 15 లీటర్ల నీరు చేర్చితే నిష్పత్తి 0.54కు చేరుతుంది. కంటికి ఈ తేడా కనిపించదు. పైగా కాంక్రీటు మునుపటికన్నా మెత్తగా, పనికి అనువుగా తోస్తుంది. కాని లెక్క ప్రకారం రావలసిన బలం మాత్రం రాదు.

కాంక్రీటు పదునును కొలవడానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పరీక్ష స్లంప్ పరీక్ష. దీనికి కావలసిన పరికరం మిక్కిలి సామాన్యమైనది. అది పైన 100 మిల్లీమీటర్లు, అడుగున 200 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మిల్లీమీటర్ల ఎత్తు కలిగి, రెండు వైపులా తెరచి ఉన్న లోహపు శంఖాకార పాత్ర. దీనిని చదునైన పలకపై నిలిపి, కాంక్రీటును పొరలు పొరలుగా నింపుతారు. ప్రతి పొరను గుండ్రని కొన గల ఉక్కు కడ్డీతో 25 మార్లు పొడుస్తారు. పైభాగాన్ని సమం చేసి, పాత్రను నిటారుగా, నెమ్మదిగా పైకి ఎత్తివేస్తారు. ఆధారం తొలగిన కాంక్రీటు ముద్ద తన బరువుకు తానే కుంగుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు కుంగినదో అదే దాని స్లంప్. బిగువైన కాంక్రీటు 30 మిల్లీమీటర్లు కూడా కుంగదు. పంపు ద్వారా పై అంతస్తులకు ఎక్కించే కాంక్రీటు 100 మిల్లీమీటర్లకు మించి కుంగడం సాధారణం.

ఈ పరీక్ష చౌకైనది, సులభమైనది. కాని దానికి లారీ ఆగాలి, కొంత కాంక్రీటు బయటికి తీయాలి, నేర్చిన మనిషి దగ్గర ఉండాలి. కదులుతున్న లారీలో, వేడెక్కిన రోడ్డు మీద, గడచిన పావుగంటలో కాంక్రీటు ఎంత బిగిసిందో శంఖువు చెప్పలేదు. సమస్య అంతా అక్కడే మొదలవుతుంది.

కర్మాగారంలో కలిపిన కాంక్రీటును పనిచోటుకు చేర్చే పద్ధతికి వంద సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉన్నది. జర్మనీకి చెందిన యుర్గెన్ హిన్రిక్ మాగెన్స్ 1903లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరవాసి స్టీఫెన్ స్టెపానియన్, ప్రయాణిస్తూనే కాంక్రీటును కలిపే లారీని ఊహించి 1916లో పేటెంటు కోరాడు. అంతటి బరువును లారీ మోయలేదన్న కారణంతో ఆయన కోరిక తిరస్కరింపబడినది. 1928లో గాని ఆయనకు పేటెంటు దక్కలేదు. నేడు మన నగరాల వీధులలో కనిపించే లారీలన్నీ ఆ ఊహకు వారసులే.

ఈ లారీ డ్రమ్ము వెనుక భాగం పైకి లేచి ఏటవాలుగా ఉంటుంది. దాని లోపలి గోడకు మరచుట్లవలె తిరిగిన ఉక్కు రెక్కలు అతికించబడి ఉంటాయి. డ్రమ్ము ఒక వైపుకు తిరిగితే రెక్కలు కాంక్రీటును లోపలికి తోసి కలుపుతాయి. ఎదురు వైపుకు తిరిగితే అవే రెక్కలు దానిని బయటికి తోస్తాయి. ప్రయాణ సమయంలో డ్రమ్ము నిమిషానికి రెండు మొదలు ఆరు చుట్లు మాత్రమే నెమ్మదిగా తిరుగుతూ, కాంక్రీటు పేరుకొనకుండా కాపాడుతుంది.

కాని అది కాలాన్ని ఆపలేదు. నీరు తగిలిన క్షణం నుండే సిమెంటు తన పని తాను చేసుకొని పోతుంది. ఎండకు కొంత నీరు ఆవిరవుతుంది, కంకర మరికొంత పీల్చుకొంటుంది. అందువల్ల బయలుదేరేటప్పుడు 150 మిల్లీమీటర్లున్న స్లంప్ గమ్యం చేరేసరికి ఎంతో తగ్గిపోవచ్చు. తయారైన కాంక్రీటుకు సంబంధించి భారతీయ ప్రమాణాల సంస్థ 2003లో వెలువరించిన ఐ.ఎస్. 4926 ప్రమాణం, లారీలోకి ఎక్కించిన రెండు గంటలలోగా దానిని దించవలెనని సాధారణ నియమం విధించినది. రోహిణీకార్తె ఎండలలో, వాహనాలు కిక్కిరిసిన నగరంలో ఆ రెండు గంటలు ఎంత తొందరగా గడిచిపోతాయో ఊహించుట కష్టం కాదు.

లారీ పనిచోటుకు చేరింది. కాంక్రీటు బిగుసుకున్నది. పంపు మొరాయిస్తున్నది. స్లాబు మీద కూలీలు పారలతో లాగలేక అవస్థపడుతున్నారు. వెనుక మరి రెండు లారీలు వేచి ఉన్నాయి. అప్పుడు ఎవరో ఒకరు లారీకి అమర్చిన నీటి గొట్టం విప్పుతారు. ఘనపు మీటరుకు సుమారు 5 లీటర్ల నీరు చేర్చితే స్లంప్ 25 మిల్లీమీటర్లు పెరుగుతుందని పనివారి స్థూలమైన అంచనా. ఆ లెక్కన 6 ఘనపు మీటర్ల లారీలో 75 మిల్లీమీటర్ల స్లంప్ పెంచడానికి 90 లీటర్లు పోయాలి. అంటే ఇంతకు ముందు చెప్పుకొన్న ఉదాహరణలోవలె ఘనపు మీటరుకు 15 లీటర్ల అదనపు నీరు. ఆ గొట్టం విప్పినవాడు దుర్మార్గుడు కాడు. అతని ముందున్న కష్టం కంటికి కనబడుతున్నది. కాంక్రీటులో దాగిన నష్టం కనబడడం లేదు. అంతే తేడా.

ఈ నష్టం బయటపడేది ఎప్పుడు? కాంక్రీటు బలాన్ని నిర్ధారించడానికి 150 మిల్లీమీటర్ల ఘనాకారపు దిమ్మెలు పోసి, నీటిలో ఉంచి, 28 దినాల తరువాత యంత్రంలో పెట్టి నలగగొట్టి చూస్తారు. బలం చాలలేదని ఆ నాడు తెలిసేసరికి అదే కాంక్రీటుతో పోసిన స్తంభంపై మరో రెండు అంతస్తులు లేచి ఉండవచ్చు. పైగా దిమ్మె కొరకు నమూనా తీసిన తరువాత నీరు కలిపితే, ఆ దిమ్మె కూడా నిజం చెప్పదు. అందుచేత కాంక్రీటు తడిగా ఉన్నప్పుడే, ఇంకా లారీలో ఉన్నప్పుడే దాని పదునును ఎడతెగక తెలుసుకొనుట అత్యవసరం.

దీనికి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయం సులభమైనది. చిక్కని పెరుగును చిలికేటప్పుడు కవ్వపు తాడు లాగడానికి ఎక్కువ బలం కావాలి. పలుచని మజ్జిగలో కవ్వం అలవోకగా తిరుగుతుంది. చిలికే చేతికి తెలిసే ఈ బరువే చిక్కదనానికి కొలత. లారీలో డ్రమ్మును తిప్పేది హైడ్రాలిక్ మోటారు. ఇంజను నడిపే పంపు నూనెను పీడనంతో మోటారులోకి పంపుతుంది. మోటారు పళ్ళచక్రాల ద్వారా డ్రమ్మును తిప్పుతుంది. కాంక్రీటు బిగువుగా ఉంటే తిప్పడానికి ఎక్కువ బలం కావాలి గనుక నూనె పీడనం పెరుగుతుంది. కాంక్రీటు పలుచనైతే పీడనం తగ్గుతుంది. నూనె గొట్టానికి ఒక పీడన సెన్సారును, డ్రమ్ము వేగాన్ని కొలిచే మరొక సెన్సారును అమర్చితే, మొత్తం డ్రమ్మే ఒక పెద్ద కొలత పరికరంగా మారుతుంది. మరొక పద్ధతిలో డ్రమ్ము లోపలి గోడకు ఒక చిన్న శలాకను బిగిస్తారు. చుట్టు చుట్టుకూ అది కాంక్రీటులో మునిగి తేలుతూ, తనకు ఎదురయ్యే నిరోధాన్ని నేరుగా కొలుస్తుంది.

ఈ పద్ధతుల వెనుక ఒక శాస్త్రం ఉన్నది. పదార్థాలు ఎట్లా పారుతాయో పరిశీలించే ఆ శాస్త్రానికి రియాలజీ అని 1920లో పేరు పెట్టినవాడు అమెరికా రసాయన శాస్త్రవేత్త యూజీన్ బింగ్‌హామ్. కొన్ని పదార్థాలు కొంత బలం ప్రయోగించేదాకా అసలు కదలవని, కదిలిన తరువాత తమ స్నిగ్ధతను అనుసరించి పారుతాయని ఆయన వివరించాడు. తడి కాంక్రీటు ఈ కోవకే చెందుతుంది. దాని నడతను చెప్పడానికి రెండు సంఖ్యలు కావాలి. ఒకటి, కదలిక మొదలు కావడానికి కావలసిన కనీస ప్రతిబలం. రెండవది, కదులుతున్నప్పటి స్నిగ్ధత. స్లంప్ పరీక్ష ముఖ్యంగా మొదటిదానిని మాత్రమే సూచిస్తుంది. కాంక్రీటును కనీసం రెండు వేర్వేరు వేగాల వద్ద కొలిచినప్పుడే దాని స్వభావం పూర్తిగా తెలుస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త టాటర్సాల్ 1970ల నుండి వాదించాడు. లారీ డ్రమ్మును వేర్వేరు వేగాలతో తిప్పవచ్చు గనుక ఆ అవకాశం కూడా ఇందులో ఉన్నది.

అయితే సెన్సారు చెప్పేది పీడనం. ఇంజనీరుకు కావలసినది స్లంప్. ఒకటి బార్లలో, మరొకటి మిల్లీమీటర్లలో ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం కుదర్చడమే క్రమాంకనం. కచేరీకి ముందు వైణికుడు తంత్రులను తంబురా శ్రుతికి అనుగుణంగా బిగిస్తాడు. వీణ ఎంత మేలైనదైనా శ్రుతి చేయనిదే పలికే స్వరం అపస్వరమే. సెన్సారుకు కూడా ఒక శ్రుతి కావాలి. ఇక్కడ తంబురా స్థానం స్లంప్ శంఖువుది. నూతన యంత్రాన్ని సరిదిద్దేది పాత శంఖువే కావడం గమనింపదగిన విషయం.

క్రమాంకనంలో మొదటి మెట్టు సున్నను స్థిరపరచడం. ఖాళీ డ్రమ్మును తిప్పడానికి కూడా కొంత పీడనం అవసరం. డ్రమ్ము బరువు, బేరింగుల రాపిడి, నూనె చిక్కదనం ఇందుకు కారణాలు. ఈ పీడనం కాంక్రీటుకు చెందినది కాదు. అందువల్ల ఖాళీ డ్రమ్మును పలు వేగాల వద్ద తిప్పి ఆ విలువలను నమోదు చేస్తారు. పీడన సెన్సారు సైతం సరిగా ఉన్నదో లేదో ప్రయోగశాలలో, తెలిసిన పీడనాలతో సరిచూస్తారు. కొలబద్దయే వంకరైతే కొలత నిలువుగా ఎట్లా ఉంటుంది?

రెండవ మెట్టు తెలిసిన కాంక్రీటుతో పోల్చి చూడడం. లారీని చదునైన నేలపై నిలిపి, తూచి కలిపిన కాంక్రీటును నిర్ణీత పరిమాణంలో నింపుతారు. మిశ్రమం అంతటా ఒకే తీరుగా అయ్యేదాకా డ్రమ్మును వేగంగా తిప్పి, ఆపై నిర్ణీత వేగానికి తగ్గిస్తారు. రెక్కలు కాంక్రీటును ఎత్తి వదలుతుండడం వల్ల ఒక్కొక్క చుట్టులో పీడనం హెచ్చుతగ్గులవుతుంది. కనుక ఒక క్షణపు విలువను గాక, అనేక పూర్తి చుట్ల సరాసరిని గ్రహిస్తారు. వెంటనే నమూనా తీసి స్లంప్ కొలుస్తారు. ఆలస్యం చేస్తే కొలిచే కాంక్రీటు వేరు, సెన్సారు చూసిన కాంక్రీటు వేరు అవుతాయి. గొట్టం నుండి మొట్టమొదట జారిన ముద్ద మొత్తానికి ప్రతినిధి కాదు గనుక, కొంత కాంక్రీటు వదలిన తరువాతనే నమూనా పట్టాలి. ఆపై కొలిచిన నీటిని చేర్చి, మళ్ళీ బాగా కలిపి, మళ్ళీ పీడనం, మళ్ళీ స్లంప్. నీరు చేర్చిన తరువాత కనీసం 30 చుట్లు కలిపే వేగంతో తిప్పాలన్నది అమెరికా ప్రమాణంలోని నియమం.

ఇట్లా లభించిన జంటలతో ఒక పట్టిక ఏర్పడుతుంది. అవగాహన కొరకు కొన్ని ఊహాజనితమైన అంకెలను తీసుకొందాం. 6 ఘనపు మీటర్ల కాంక్రీటు, నిమిషానికి 3 చుట్లు. స్లంప్ 60 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు పీడనం 120 బార్లు, 100 ఉన్నప్పుడు 100 బార్లు, 140 ఉన్నప్పుడు 86 బార్లు, 180 ఉన్నప్పుడు 76 బార్లు అనుకొందాం. ఈ బిందువులను రేఖాపటంపై గుర్తించి కలిపితే వచ్చేది సరళరేఖ కాదు, వంపు తిరిగిన గీత. మొదటి 40 మిల్లీమీటర్ల మార్పుకు పీడనం 20 బార్లు తగ్గగా, చివరి 40 మిల్లీమీటర్ల మార్పుకు 10 బార్లు మాత్రమే తగ్గింది. కాంక్రీటు పలుచబడినకొద్దీ సెన్సారు సూక్ష్మగ్రాహ్యత మందగిస్తుందని దీని భావం. బిగువైన కాంక్రీటు వద్ద లెక్కకు రాని 2 బార్ల పొరపాటు, పలుచని కాంక్రీటు వద్ద 8 మిల్లీమీటర్ల దోషంగా పరిణమిస్తుంది.

చిక్కు ఇంతటితో తీరలేదు. అదే కాంక్రీటును 4 ఘనపు మీటర్లే నింపితే తిప్పవలసిన బరువు తగ్గుతుంది. 100 మిల్లీమీటర్ల స్లంప్ వద్ద పీడనం ఇప్పుడు 80 బార్లు అనుకొందాం. ఈ సంగతి ఎరుగని సెన్సారు 6 ఘనపు మీటర్ల గీతనే చూస్తే, 80 బార్లకు ఎదురుగా దానికి కనిపించేది సుమారు 164 మిల్లీమీటర్లు. సలక్షణమైన కాంక్రీటును అది నీళ్ళపాలైనదని నిందిస్తుంది. లారీ వెనక్కు పోతుంది, సరుకు వృథా అవుతుంది. ఇందుకు విపర్యయం ఇంకా ప్రమాదకరం. లారీలో ఉన్నది 6 ఘనపు మీటర్లు కాగా 4 అని పొరపాటున నమోదు చేశారనుకొందాం. స్లంప్ నిజానికి 140, పీడనం 86 బార్లు. 4 ఘనపు మీటర్ల గీత ప్రకారం 80 బార్లకే 100 మిల్లీమీటర్లు గనుక, 86 బార్లంటే అంతకంటే బిగువు అని యంత్రం భావిస్తుంది. నీరు పోయుమని ఆజ్ఞాపిస్తుంది. ముందే మెత్తగా ఉన్న కాంక్రీటులో మరింత నీరు చేరుతుంది. మనిషి గొట్టం విప్పితే అది తప్పని అడిగేవారు ఉంటారు. యంత్రం విప్పితే అది లెక్క అని అందరూ నమ్ముతారు. తప్పుగా క్రమాంకనం చేసిన పరికరం, పరికరమే లేకపోవడం కంటే హానికరమన్నది ఇందులోని నీతి.

అందుచేత క్రమాంకనాన్ని ఒకే గీతతో ముగించరు. పలు పరిమాణాలకు, పలు వేగాలకు, వాడుకలో ఉన్న ముఖ్యమైన మిశ్రమాలకు విడివిడిగా గీతలు సిద్ధం చేస్తారు. కంకర పరిమాణం, సిమెంటు మోతాదు మారితే సంబంధమూ మారుతుంది. ఒక్క లారీకి కుదిరిన గీత మరొక లారీకి కుదరకపోవచ్చు. రెండు డ్రమ్ములు ఒకే అచ్చున తయారైనా వాటి రెక్కల అరుగుదల వేరు. సేకరించిన జంటలన్నిటినీ గీత గీయడానికే ఖర్చు చేయక, కొన్నింటిని పక్కన ఉంచి, గీత చెప్పిన స్లంప్‌ను వాటితో సరిపోల్చి చూడడం మంచి పద్ధతి. తాను నేర్పిన ప్రశ్నలనే పరీక్షలో అడిగితే విద్యార్థి నిజమైన శక్తి తెలియదు గదా!

ఒకసారి శ్రుతి చేసిన వీణ కలకాలం శ్రుతిలో ఉండదు. తెల్లవారుజామున చల్లగా ఉన్న నూనె చిక్కగా ఉండి పీడనాన్ని పెంచుతుంది. మొదటి లారీలోని కాంక్రీటు అకారణంగా బిగువుగా తోస్తుంది. మధ్యాహ్నానికి అదే నూనె వేడెక్కి పలుచబడుతుంది. ఎత్తైన వంతెన ఎక్కేటప్పుడు కాంక్రీటు డ్రమ్ములో వెనుకకు జరిగి కొలత చెదురుతుంది. సరిగా కడగని డ్రమ్ములో కాంక్రీటు గట్టిపడి పెచ్చులుగా పేరుకొంటుంది. కంకర రాపిడికి రెక్కలు అరుగుతాయి. వీటిలో కొన్నింటిని అదనపు సెన్సార్లతో కనిపెట్టి లెక్కలో సవరించవచ్చు. నెమ్మదిగా వచ్చే మార్పులకు మాత్రం మందు ఒక్కటే. నియమిత కాలాంతరాలలో శంఖువును మళ్ళీ తెచ్చి సరిచూడాలి. రెక్కలు మార్చినప్పుడు, మోటారు బాగుచేసినప్పుడు క్రమాంకనాన్ని మొదటి నుండి జరపాలి.

శంఖువు మాత్రం నిర్దుష్టమైనదా అన్న ప్రశ్న సహజం. ఒకే కాంక్రీటును ఇద్దరు పరీక్షిస్తే రెండు ఫలితాలు కొద్దిపాటి తేడాతో రావచ్చు. కడ్డీతో పొడిచే తీరు, పాత్రను ఎత్తే వేగం, పలక తడి ఇందుకు కారణాలు. ఐ.ఎస్. 4926 ప్రమాణం కూడా చెప్పిన స్లంప్‌కు 25 మిల్లీమీటర్లు గాని, ఆ విలువలో మూడోవంతు గాని, ఏది తక్కువైతే అంత తేడాను అనుమతించినది. కాబట్టి శంఖువు ఫలితంలోని చాంచల్యం కొంత సెన్సారు గీతలోకి ప్రవేశిస్తుంది. ఒక్క పరీక్షను నమ్మక, పలుమార్లు కొలిచి సరాసరి తీయడం ఇందుకే. గురువుకు ఉన్న పరిమితి శిష్యునికి సంక్రమించక తప్పదు.

సెన్సారుకు మరొక పరిమితి ఉన్నది. కాంక్రీటు మెత్తగా ఉన్నదని అది చెప్పగలదు గాని, ఎందువల్ల మెత్తబడినదో చెప్పలేదు. సూపర్ ప్లాస్టిసైజర్ అనే రసాయనం సిమెంటు రేణువులను విడదీసి, నీరు పెంచకుండానే స్లంప్ పెంచుతుంది. అట్టి మెత్తదనం వల్ల బలానికి హాని లేదు. అదే మెత్తదనం నీటి వల్ల కలిగితే హాని. పీడనం రెండింటిలోనూ ఒకే విధంగా తగ్గవచ్చు. అందుచేత మంచి వ్యవస్థలలో పీడన సెన్సారుతో పాటు లారీ నీటి గొట్టానికి ప్రవాహమాపకాన్ని కూడా అమర్చుతారు. ఎంత నీరు, ఏ సమయంలో, ఎవరి అనుమతితో చేరినదో అందులో నమోదవుతుంది. మొత్తం నీరు మిశ్రమపు లెక్కలో అనుమతించిన హద్దును మించరాదు. ఆ హద్దు చేరిన తరువాత కూడా కాంక్రీటు బిగువుగానే ఉంటే రసాయనంతో సరిదిద్దాలి, లేదా ఆ లారీని తిప్పి పంపాలి.

ఈ శ్రమ అంతా ఎందుకన్న ప్రశ్నకు మన నేలపైనే సమాధానం ఉన్నది. 2019 జనవరిలో గోదావరిపై పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే పనులలో 24 గంటల వ్యవధిలో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. అంతటి కాంక్రీటును 6 ఘనపు మీటర్ల లారీలలో మోయాలంటే 5,300కు పైగా లారీలు కావాలి. అంటే నిమిషానికి మూడు లారీలకు మించి. అంతటి వేగంలో ప్రతి లారీని ఆపి శంఖువుతో పరీక్షించడం మానవసాధ్యం కాదు. కొన్నింటిని పరీక్షించి మిగిలినవాటిని నమ్మవలసినదే. ఆ నమ్మకానికి ఆధారం కల్పించేదే లారీలోని సెన్సారు. అది ప్రతి లారీని, ప్రతి చుట్టునూ గమనిస్తుంది. అనుమానం కలిగిన లారీని వేలెత్తి చూపుతుంది. అప్పుడు శంఖువును ఆ లారీ వద్దకు తీసికొనిపోవచ్చు.

దీనివల్ల మేస్త్రీ అనుభవం వ్యర్థమవుతుందని తలచరాదు. గొట్టం నుండి జారే కాంక్రీటు మెరుపును, కంకర విడివడే తీరును, పారకు తగిలే బరువును గ్రహించే నేర్పు ఏ పీడన సెన్సారుకూ లేదు. సెన్సారు చెప్పిన అంకెకు, మేస్త్రీ కంటికి పొత్తు కుదరనప్పుడు ఎవరిది తప్పని వాదించడం కంటే, శంఖువు తెచ్చి కొలవడం ఉత్తమం. కొన్నిసార్లు మేస్త్రీ కన్ను పొరబడుతుంది. కొన్నిసార్లు క్రమాంకనం గడువు దాటినట్లు బయటపడుతుంది. రెండు సందర్భాలలోనూ లాభపడేది కట్టడమే.

ఒక భవనంలో నివసించేవారు దాని స్తంభాలలోని కాంక్రీటు ఏ లారీలో వచ్చినదో, ఆ రోజు ఎండ ఎంత కాసినదో ఎరుగరు. ఆ లారీ డ్రమ్ముకు బిగించిన సెన్సారును ఒక సాంకేతిక నిపుణుడు శ్రద్ధగా సరిచూశాడో, పాత అంకెలనే తిరిగి రాసిపెట్టాడో వారికి తెలియదు. అయినా వారు నిశ్చింతగా నిద్రిస్తారు. ఎవరూ చూడని చోట సరిగా కొలిచిన ఒక మనిషి నిజాయితీపై ఆ నిద్ర ఆధారపడి ఉన్నది. కొలత అంటే కేవలం అంకె కాదు. అది ముఖం తెలియని మనిషికి ఇచ్చిన మాట. ఆ మాట తప్పకుండా నిలిపేదే క్రమాంకనం.